పెన్నేరు చూర్ణం తీర్చలేని నిద్రలేమి

నెలసరి ఆగే దశలో స్త్రీలకు నిద్ర చెడిపోవడం గురించి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుపోయింది. తెలుగు నేలలో మిగతా చోట్లా దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. ఆ వయసులో నిద్ర పట్టకపోవడం మామూలే, ఓర్చుకోవాలి అన్నది అందులో మొదటి భాగం. మరీ ఇబ్బందైతే పెన్నేరు గడ్డ పొడి, అంటే అశ్వగంధ చూర్ణమో, గసగసాల పాలో, జాజికాయ పొడో చాలు అన్నది రెండోది. చెట్టు మందు కాబట్టి మేలు చేయకపోయినా కీడు మాత్రం చేయదు అన్నది మూడోది. ఈ మూడింటిలో ఏదీ నిలబడదు. పైగా ఇవి ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ, నయం చేయగల బాధను ఏళ్ల తరబడి ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంచేస్తున్నాయి.

మొదట మామూలే అన్న మాట. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు మెదడులోని హైపోథాలమస్‌లో ఒంటి వేడిని అదుపుచేసే నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అంతకుముందు శరీరం పట్టించుకోని చిన్నపాటి వేడికి కూడా ఇప్పుడు రక్తనాళాలు విప్పారి, ముఖం మీద, మెడ మీద సెగలు, అంటే ఆవిర్లు కమ్మి, చెమటలు పోసి, వెంటనే చలి వేస్తుంది. ఇది రాత్రిపూట నాలుగైదుసార్లు జరిగితే నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. ‘ఒంట్లో వేడి చేసింది’ అని దీనికి మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు ఇస్తారు. అవి దాహం తీరుస్తాయి గాని, హైపోథాలమస్‌లో జరిగేదాన్ని మార్చవు. కొన్నాళ్లు ఓర్చుకుంటే పోతుందన్న ఓదార్పుకూ ఆధారం లేదు. అమెరికాలో వేలాదిమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనం 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలలో సగంమందికి ఆ బాధ 7.4 ఏళ్లకు పైగానే ఉంటుంది. ఏడేళ్లపాటు సరైన నిద్ర లేకుండా తెల్లారి ఐదింటికే నాట్లకో, మిర్చి ఏరడానికో, రైస్‌మిల్లు పనికో వెళ్లమని ఒక మనిషికి చెప్పడాన్ని ఓర్పు అనలేం.

‘ఆ వయసు’ అన్న మాట ఈ ప్రాంతంలో మరీ పొరపాటు. సుశ్రుతుడు నెలసరి పన్నెండో ఏట మొదలై యాభయ్యో ఏట ఆగుతుందన్నాడు. పాశ్చాత్య దేశాల్లో సగటు ఇప్పటికీ 51 దరిదాపుల్లోనే ఉంది. భారతీయ స్త్రీలలో మాత్రం అది సుమారు 46. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దీనికి గర్భసంచి ఆపరేషన్ తోడైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఆ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించే దాకా పరిస్థితి వెళ్లింది.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్లమీద నెమ్మదిగా జరగాల్సిన హార్మోన్ల తగ్గుదల కొన్ని రోజుల్లోనే జరిగిపోతుంది. ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి మరింత తీవ్రంగా విరుచుకుపడతాయి. అండాశయాలను ఉంచినా, ఆపరేషన్ అయినవారిలో అవి సగటున కొంత ముందుగానే పనిచేయడం మానేస్తాయి. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఆ మార్పు ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే, ‘వయసు’ అని చెప్పి పంపడం వైద్యపరంగా తప్పు. అంత చిన్న వయసులో ఈస్ట్రోజన్ కరువైతే ఎముకలకు, గుండెకు కూడా నష్టమే. అలాంటివారికి, వద్దనడానికి వేరే కారణం ఏదీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది వైద్యసంఘాల మాట. ఆపరేషన్ కాగితంలో అండాశయాలు తీశారో లేదో రాసి ఉంటుంది. నిద్ర గురించి అడగడానికి వచ్చిన స్త్రీని డాక్టర్ మొట్టమొదట చూపించమనవలసింది ఆ కాగితమే.

అన్నీ ఆవిర్ల వల్లే అనుకోవడమూ పొరపాటే. 2019-21 సర్వే తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. నెలసరి ఆగే ముందు ఏళ్లలో అధిక రక్తస్రావం సాధారణం. అది ఇనుము నిల్వలను ఇంకా తోడేస్తుంది. ఇనుము తక్కువైనవారిలో పడుకోగానే కాళ్లు గుంజడం, కదిలిస్తే తప్ప నిమ్మళించకపోవడం కనిపిస్తుంది. పొలంలో వంగి వంగి పనిచేసిన అలసట అనుకుని జండూబామ్ రాసుకుంటారు. దానికి కావలసింది ఫెరిటిన్ పరీక్ష, ఇనుము మాత్రలు, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు మానడం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండెదడ, చెమట, నిద్రలేమి వస్తాయి, ఇవి చూడటానికి అచ్చం ఆవిర్లలాగే ఉంటాయి. షుగర్ అదుపులో లేకపోతే రాత్రి మూత్రానికి పదేపదే లేవాలి. దిగులు జబ్బు తెల్లవారుజామున మూడింటికే లేపుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువగా కంటికి దొరకకుండా పోయేది గురక. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా మగవాళ్ల జబ్బు అన్న పేరు పడిపోయింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బిక్స్‌లర్ బృందం 2001లో ప్రకటించిన అధ్యయనంలో నెలసరి ఇంకా ఉన్న స్త్రీలలో ఇది 0.6 శాతం, నెలసరి ఆగి హార్మోన్లు వాడనివారిలో 2.7 శాతం. అంటే నాలుగు రెట్లకు పైనే. ఇంట్లో ఆడమనిషి గురక పెడితే ఆమె సిగ్గుపడుతుంది, మిగతావాళ్లు నవ్వేస్తారు, డాక్టర్‌కు మాత్రం ఎవరూ చెప్పరు. ఈ స్త్రీకి మత్తు కలిగించే వేరైనా, మాత్రైనా ఇస్తే గొంతు కండరాలు ఇంకా సడలి ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగే ప్రమాదం ఉంది. కారణం తెలుసుకోకుండా నిద్రమందు ఇవ్వకూడదనడానికి ఈ ఒక్కటే చాలు.

ఇక మూలికల సంగతి. వాటిలో పసలేదని కొట్టిపారేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఉన్న ఆధారం ఎంతో అంతే చెప్పాలి. అశ్వగంధ మీద ఆధారం కొంత ఉంది. 2021లో అయిదు పరీక్షలను, అందులోని 400 మందిని కలిపి చూసిన విశ్లేషణలో నిద్ర కొద్దిగా మెరుగుపడింది. ఆ మేలు రోజుకు 600 మిల్లీగ్రాములకు తగ్గకుండా, ఎనిమిది వారాలకు తగ్గకుండా వాడినవారిలో కాస్త ఎక్కువగా కనిపించింది. నెలసరి ఆగబోయే దశలోని స్త్రీల మీద మన దేశంలోనే అదే ఏడాది వెలువడిన ఒక పరీక్షలో కూడా బాధలు కొంత తగ్గాయి. అయితే అందులో ఉన్నది వంద మంది లోపే, సాగింది ఎనిమిది వారాలే. పరీక్షల్లో వాడింది కొలత తెలిసిన వేరు సారం. సంతలో, కిరాణం దుకాణంలో దొరికే పొడిలో ఎంత సారం ఉందో, వేరుతో పాటు ఆకు కలిసిందో లేదో అమ్మేవారికే తెలియదు. ఆకును వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు సూచించింది. ఎనిమిది వారాల పరీక్షను చూపించి ఎనిమిదేళ్లు వాడమనడానికి ఏ ఆధారమూ లేదు.

తగరం జాతి వేరు వెలేరియన్ సంగతి మరింత బోధపరిచేది. 2011లో ఇరాన్‌లో వంద మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో ఈ వేరు తీసుకున్నవారిలో 30 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 4 శాతం మందికి నిద్ర మెరుగైంది. ఇంత మంచి ఫలితం చూసి ఎవరైనా ఆశపడతారు. కాని తర్వాతి ఏళ్లలో అన్ని పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూసిన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో దీర్ఘకాలిక నిద్రలేమికి వెలేరియన్ వాడవద్దనే సూచించింది. ఆవిర్లకు ప్రపంచమంతా అమ్ముడయ్యే బ్లాక్ కోహోష్ వేరు గురించి 2012 కోక్రేన్ సమీక్ష 16 పరీక్షలను, 2,027 మంది స్త్రీలను పరిశీలించి పనిచేస్తుందని చెప్పలేమంది. సోయా వంటి మొక్కల్లోని ఈస్ట్రోజన్ పోలిన పదార్థాల మీద 2013లో 43 పరీక్షలు చూసిన సమీక్ష కూడా అంతకంటే ముందుకు వెళ్లలేకపోయింది. 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ ఆవిర్ల చికిత్స కోసం మూలికలను సిఫారసు చేయడంలేదని స్పష్టంగా రాసింది. గసగసాలకు, జాజికాయకు ఈ బాధ విషయంలో ఆ మాత్రం పరీక్షలూ లేవు. వాడుక మాటే వాటికి ఆధారం.

పక్కింటామెకు తగ్గింది కదా అన్నది ఇక్కడ వచ్చే ప్రశ్న. తగ్గి ఉండవచ్చు. ఆవిర్ల మీద జరిగిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా బాధ మూడో వంతు, కొన్నిసార్లు సగం దాకా తగ్గుతుంది. పైగా నిద్రలేమి ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువగా వచ్చిపోయే బాధ. బాధ ముదిరినప్పుడే ఎవరైనా చూర్ణం మొదలుపెడతారు, ఆ తర్వాత అది తనంతట తాను తగ్గినా పేరు మాత్రం చూర్ణానికే వస్తుంది. అందుకే ఒక్కరి అనుభవం ఎంత నిజమైనదైనా, అది మందు పనిచేసిందనడానికి సాక్ష్యం కాదు. పాలు తాగి పడుకోవడంలో తప్పేమీ లేదు, వాటిని వైద్యం అనుకోవడమే తప్పు.

చెట్టు మందు కీడు చేయదన్నది మూడింటిలోకెల్లా ప్రమాదకరమైన మాట. అశ్వగంధ వాడినవారిలో కామెర్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్ నుంచి, మన దేశం నుంచి కూడా వైద్యపత్రికల్లో వచ్చాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. కాలేయం దెబ్బతిన్నవారు తక్కువమందే, చాలామంది మందు ఆపాక కోలుకున్నారు, కాని ఆ చూర్ణం వాడుతున్నామని డాక్టర్‌కు చెప్పకపోతే కారణమే తేలదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునే స్త్రీకి అది మోతాదు మించినట్టవుతుంది. షుగర్ మాత్రలతో, బీపీ మాత్రలతో, నిద్రమాత్రలతో కలిస్తే వాటి ప్రభావం ఎక్కువ కావచ్చు. జాజికాయ వంటల్లో చిటికెడు వేసేది. అయిదు గ్రాములు, అంటే ఇంచుమించు ఒక కాయ మోతాదు దాటితే గుండెదడ, వాంతులు, మతిభ్రమ దాకా తీసుకెళ్లగలదు. గసగసాల గింజలో స్వతహాగా మార్ఫిన్ చాలా తక్కువ, కాయ పాలు అంటుకున్న గింజల్లో అది ఎంతుందో చూసి చెప్పలేం. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వాటిలో అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

ఇలాంటి మందులకు ప్రచారం ఎక్కడా ఆగడంలేదు. 1954 నాటి మందులు, మాయ వైద్యాల అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూల్‌లో నెలసరి సంబంధ రుగ్మతలు, స్త్రీల వ్యాధులు ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. గోడ మీది రాతల్లో, కేబుల్ టీవీల్లో, ఫోన్‌లో వచ్చే వీడియోల్లో ఆ చట్టం జాడ కనిపించదు.

చూర్ణం పనిచేయనప్పుడు స్త్రీలు వెళ్లే దారి మరింత బాధాకరం. మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఆల్ప్రజోలం అడిగి తీసుకోవడం తెలంగాణ పట్టణాల్లో ఎవరికీ కొత్త కాదు. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ ఉండాలి, అమ్మినవారి రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. కొన్ని వారాలు రోజూ వాడితే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. ఆపితే నిద్రలేమి రెట్టింపై వస్తుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇదే ఆల్ప్రజోలం, డయాజెపాం కల్తీ కల్లులో కూడా కలుస్తున్నాయి. 2015 సెప్టెంబరులో దాడులతో సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అనేకమంది వణుకు, మతిచలనంతో ఆసుపత్రుల్లో చేరారు. నిద్ర కోసం రాత్రి ఒక సీసా కల్లు పుచ్చుకునే పెద్దవయసు స్త్రీకి దానిలో ఏం కలిసిందో తెలిసే మార్గం లేదు. కల్తీ లేని తాటికల్లు కూడా తొందరగా నిద్రపుచ్చి, తెల్లవారుజామున లేపి, ఆవిర్లను పెంచుతుంది.

వీటన్నిటికీ బదులేమిటి? మందు కాని చికిత్సే అన్నిటికంటే గట్టి ఆధారమున్నది. నిద్రలేమికి ఇచ్చే ప్రవర్తనా చికిత్సను నెలసరి ఆగే దశలోని స్త్రీల మీదే పరీక్షించారు. 2016లో వెలువడిన ఆ అమెరికన్ పరీక్షలో 40-65 ఏళ్ల 106 మంది స్త్రీలు ఉన్నారు, అందరికీ ఆవిర్లు, నిద్రలేమి ఉన్నాయి. ఎనిమిది వారాల్లో ఆరుసార్లు ఫోన్‌లో మాట్లాడటమే చికిత్స. చివరికి ప్రవర్తనా చికిత్స పొందినవారిలో 70 శాతం మందికి నిద్రలేమి జబ్బు స్థాయి కంటే దిగువకు వచ్చింది. మెనోపాజ్ గురించి సాధారణ సమాచారం మాత్రమే విన్నవారిలో అది 24 శాతం. ఆరు నెలల తర్వాత ఆ లెక్క 84, 43. పైన చెప్పిన మూలికల పరీక్షల్లో ఏదీ ఇంత గట్టి ఫలితం ఇవ్వలేదు. ఫోన్‌లో మాట్లాడి చేసిన పని ఇది. మఠంపల్లిలోనో, దామరచర్లలోనో ఉన్న స్త్రీకి కూడా అందించగల పని.

ఈ చికిత్స అంటే మంచి అలవాట్ల చిట్టా అనుకోవద్దు. చాయ్ మానండి, టీవీ కట్టేయండి, గది చల్లగా ఉంచండి అన్న సలహాలు మాత్రమే ఇవ్వడం దీర్ఘకాలిక నిద్రలేమికి చాలదని అదే స్లీప్ అకాడమీ 2021లో చెప్పింది. మే నెలలో సూర్యాపేటలో పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతున్నప్పుడు, రేకుల ఇంట్లో ఉన్న మనిషికి గది చల్లబరచమన్న సలహా ఎలాగూ పనికిరాదు. పెద్దవాళ్లు చెప్పే ఇంకో సలహా బాధను పెంచుతుంది కూడా: నిద్ర చాలలేదు కదా, తొమ్మిదింటికే పడుకో, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చు. ఇలా చేస్తే మంచం మీద మేలుకుని ఉండే గంటలు పెరుగుతాయి, మెదడు మంచాన్ని మెలకువతో ముడిపెట్టుకుంటుంది.

చికిత్స దీనికి పూర్తిగా ఎదురుగా వెళుతుంది. తొమ్మిదింటికి పడుకుని అయిదింటికి లేచే స్త్రీకి ఆ ఎనిమిది గంటల్లో అయిదున్నర గంటలే నిద్ర పడుతుందనుకోండి. ఆమె రాత్రి పదకొండున్నరకు పడుకుని అయిదింటికి లేవాలి, ఆదివారమైనా పండగైనా సరే. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే మంచం దిగి, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోవాలి. పగటి నిద్ర వద్దు. మంచం మీద ఉన్న సమయంలో దాదాపు తొంభై శాతం నిద్రే అవుతున్నప్పుడు పావుగంట పెంచాలి, వారానికోసారి చూసుకుంటూ పోవాలి. అయిదు గంటల కంటే తగ్గించకూడదు. మొదటి రెండు వారాలు పగలు మగతగా, కష్టంగా ఉంటుంది. ఫిట్స్ ఉన్నవారు, మానసిక ఉద్రేకం వచ్చిపోయే బైపోలార్ జబ్బున్నవారు, స్లీప్ ఆప్నియాకు వైద్యం జరగనివారు, మిల్లులో యంత్రాల దగ్గర పనిచేసేవారు దీన్ని సొంతంగా చేయకూడదు. నిద్ర రాకపోతే రేపటి పని ఎలా అన్న భయాన్ని మాటలతో సడలించడం చికిత్సలో రెండో సగం.

ఇంట్లోవాళ్లు సహకరించకపోతే ఇది సాగదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అందరికంటే చివర పడుకుని అందరికంటే ముందు లేవడం కోడలిగా మొదలై, అత్తగా మారాకా ఆగని పద్ధతి. పొద్దున్నే నీళ్లు పట్టడం, బిడ్డల టిఫిన్ డబ్బా పంచుకోవలసిన పనులు. వాటిని పంచుకోకుండా చూర్ణం కొనిపెట్టి బాధ్యత తీరిందనుకోవడం అన్యాయం.

ఆవిర్లు తీవ్రంగా ఉన్నవారికి హార్మోన్ చికిత్సే అన్నిటికంటే బలమైన మందు. 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షను మధ్యలో ఆపాక, హార్మోన్లంటే క్యాన్సర్ అన్న భయం అన్ని దేశాలకూ పాకింది. ఆ స్త్రీల సగటు వయసు 63. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టినవారిలో చాలామందికి మేలే ఎక్కువని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందులమీది నల్లపెట్టె హెచ్చరికల్లో చాలావాటిని తొలగించే నిర్ణయం ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవారికి ఈ మందు వద్దు. అలాంటివారికి వెన్‌లాఫాక్సిన్, రాత్రిపూట గాబాపెంటిన్ వంటివి ఉన్నాయి. యోగా, నడక ఆవిర్లను పెద్దగా తగ్గించవు గాని నిద్రకు కొంత మేలు చేస్తాయి.

ఆయుర్వేదాన్ని అవమానిస్తున్నారన్న ఆక్షేపణకు సమాధానం ఆయుర్వేదంలోనే ఉంది. చరకుడు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం మూడింటినీ శరీరానికి ఊతాలుగా చెప్పాడు. అంటే నిద్రను దినచర్యలో భాగంగా చూశాడు. రోగిని చూడకుండా, దినచర్య అడగకుండా సీసాలో పోసి అమ్మే పొడి ఆ సంప్రదాయానికి వారసత్వం కాదు. నాడి పట్టి, ఇతర మందులేం వాడుతున్నారో అడిగి, అవసరమైతే రక్తపరీక్షకు పంపే అర్హతగల వైద్యుడితో ఈ వ్యాసానికి తగాదా లేదు.

వెళ్లడానికి చోటు లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమంలో మంగళవారాల్లో స్త్రీలకే ప్రత్యేకించిన ఎనిమిది రకాల సేవల్లో మెనోపాజ్ కూడా ఒకటి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కోదాడ, మిర్యాలగూడల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరులో మాట్లాడేవారికి నిద్రలేమి ప్రవర్తనా చికిత్సలో శిక్షణ ఇవ్వడం, ఆశా కార్యకర్తలు మహిళా సంఘాల సమావేశాల్లో ఆవిర్లు, నిద్ర, గురక గురించి అడిగేలా చేయడం ప్రభుత్వం చేయవలసిన పని.

కొన్ని లక్షణాలు ఉన్నప్పుడు చూర్ణంతోనూ, అలవాట్ల మార్పుతోనూ కాలయాపన చేయకూడదు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం, బతకాలనిపించకపోవడం, ఏదైనా మూలిక వాడుతుండగా కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులోకి మారడం వాటిలో ముఖ్యమైనవి. చివరిదానిలో మందును వెంటనే ఆపి, డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.